గడియారమునకు నీళ్లు తెలియునా?

ముంబయి రహదారిమీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డివైపు పోవునపుడు ఇస్నాపూరు చౌరస్తా వచ్చును. పాశమైలారము పారిశ్రామికవాడకు త్రోవ అచటనే చీలును. ఆ చౌరస్తాకు కూతవేటు దూరమున, వేకువను కంపెనీ బస్సుల హారనులును రేయి లారీల రొదయు గోడగడియారముతో పనిలేకయే వేళ తెలుపుచుండు వీధిలో, నేను మేడమీద అద్దెకున్న ఇంటి యజమానికిని ఆయన యల్లునికిని ఆషాఢమాసమున ఒక ఆదివారమునాడు జరిగిన వాదమును, జ్ఞాపకమున్నంతవఱకు, ఇచట వ్రాయుచున్నాను. (పెండ్లియై పదునాలుగేండ్లు గడచినవి గనుక ఆషాఢమున అత్తవారి గడప త్రొక్కుటకు ఈ యల్లునికి అభ్యంతరము లేదు.) వాదమునకు కారణము స్విచ్చు బోర్డులో బిగించుటకై అల్లుడు తెచ్చిన అఱచేయంత టైమరు.

మామగారు ముప్పదిరెండేండ్లు ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసి రిటైరైనవారు. కాంటాక్టర్ల పేర్లు, రిలేల నంబర్లు ఆయనకు తెలిసినంతగా మనుమల పుట్టినదినములు తెలియవని అత్తమ్మ పరిహాసము. అల్లుడు సంగారెడ్డిలో తెలుగు పంతులు. యంత్రములనడుమ బ్రతుకు గడపినవాడు ఇంటికి టైమరు వలదనుటయు, ఛందస్సు చెప్పుకొనువాడు కావలెనని పట్టుపట్టుటయు నాకు వింతగా దోచి, టార్చిలైటు పట్టుకొను నెపమున అచటనే నిలిచితిని.

అల్లుడు: మామయ్యా, మీరు వలదనుటకు హేతువు చెప్పుడు, వినియే పని మొదలుపెట్టెదను. గేటు దీపము సాయంకాలము వేయుట అందఱకును జ్ఞాపకముండును, ఉదయమున ఆర్పుట ఎవ్వరికిని ఉండదు. పది గంటల యెండలో అది వెలుగుచుండగా పాలవాడు సైతము చూచి నవ్విపోవుచున్నాడు. ఇక మోటారు సంగతి మీకే తెలియును. మంజీర నీరు దినము విడిచి దినము వచ్చి సంపు నిండును. సంపునుండి పైట్యాంకునకు ఎక్కించుటకు తెల్లవారుజామున ఎవరో యొకరు లేవవలెను. లేచినవారు స్విచ్చు వేసి మరల కునుకు తీయుదురు. ట్యాంకు పొంగి నీరు వీధి వెంబడి పోవును. రెండింటికిని రెండు టైమర్లు పెట్టితిమా, ఈ బాధ తీరును.

మామగారు: తీరునది నీ బాధ, అచటినుండి మొదలగునది నాది. ముందు లెక్క వినుము. గేటు దీపము 9 వాట్లది. పగలు 12 గంటలు మఱచిపోయి వెలుగనిచ్చినను 108 వాట్‌అవర్లు. తొమ్మిది దినములకు పైగా వరుసగా మఱచినగాని ఒక యూనిటు కాదు. ఆ యూనిటును ఆదాచేయుటకు కొనిన యీ పెట్టె వెల ఎన్నేండ్లకు తీరునో, పద్యపాదమునకు గణములు కట్టినట్లు నీవే కట్టి చూచుకొనుము.

అల్లుడు: పాలవాని నవ్వును మీరు యూనిట్లలో చేర్చలేదు.

ఈ మాటకు మామగారును నవ్విరి గాని, నవ్వినంతమాత్రమున లొంగు మనిషి కారు. గత వారము అల్లుడు తానే బిగించిపోయిన మొదటి టైమరు ప్రసక్తి తెచ్చిరి. అది రెండు తీగలది. న్యూట్రలు అక్కఱలేదని అట్టమీద అచ్చువేసి యుండుటచే సులభమని కొనినది. ఆర్పవలసిన వేళకు అది ఆర్పెను గాని దీపము పూర్తిగా ఆఱక, తెల్లవారుజాము చీకటిలో మిణుగురుపురుగువలె మినుకుమినుకుమనుచుండెను. దీపము చెడినదని మఱియొకటి మార్చిరి, అదియును మినుకుమనెను.

మామగారు: ఆ దోషము దీపమునది కాదు, టైమరుది కాదు, ఆ రెంటికి నీవు కుదిర్చిన పొత్తుది. టైమరులోని గడియారమునకు అహోరాత్రము రవ్వంత విద్యుత్తు కావలెను. న్యూట్రలు తీగ దానిని చేరినచో ఆ రవ్వంతయు ఫేజునుండి వచ్చి న్యూట్రలులోనికి నేరుగా పోవును. న్యూట్రలు లేనినాడు అది దీపము గుండనే దారి చేసికొనును. అనగా, ఆఱియున్నదని మనమనుకొను దీపము గుండ సన్నని ధార యొకటి పాఱుచునే యుండును. పూర్వపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు దానిని లక్ష్యపెట్టదు. ఆ ధార దాని తీగను వెచ్చచేయుటకైనను చాలదు. ఎల్‌ఇడి దీపములో చిన్న కెపాసిటరు కలదు. చినుకులకు గిన్నె నిండినట్లు అది నిండును, నిండినంతనే దీపము ఒక్కమాఱు మెఱసి దానిని ఖాళీచేయును, మరల నిండును. నీవు చూచిన మిణుకు అదియే. నీవు దీపములు మార్చుచు కూర్చుంటివి.

అల్లుడు: అందుకే యీ రెండవది న్యూట్రలు గలది తెచ్చితిని.

మామగారు: పెట్టెకు న్యూట్రలు గుంట యున్నంతమాత్రమున బోర్డులోనికి న్యూట్రలు నడచి వచ్చునా?

అల్లుడు ఉత్తరమీయక మెట్లక్రింది పెట్టెకడకు పోయి ఎంసిబి దింపి వచ్చి, బోర్డు పలక నూడదీసి, తీగమీద చేయి వేయబోయెను. మామగారు ఆ మణికట్టు పట్టుకొని, తమ జేబులోని టెస్టరును తీగకు తాకించిరి. టెస్టరులోని దీపము ఎఱ్ఱగా వెలిగెను. నా చేతిలోని టార్చిలైటు కదలినది.

అల్లుడు: ఎంసిబి దింపితిని గదా!

మామగారు: దింపితివి. నీవు దింపినదాని కావల ఇన్వర్టరు కూర్చున్నది. ఇంటికి కరెంటు పోయినదనుకొని అది బ్యాటరీనుండి యీ దీపములకు నిండు 230 వోల్టులు పంపుచున్నది. ఫ్యాక్టరీలో ఇట్టి పనికి మునుపు స్విచ్చునకు తాళము వేసి, తాళపుచెవి పనిచేయువాడు తన జేబులోనే వేసికొని, మనుషులు పనిలో నున్నారని అట్ట వ్రేలాడదీసి, అప్పుడు పెట్టె తెఱచువారము. ఇంటిలో తాళము లేదు, అట్ట లేదు. తొందర మాత్రము ఫ్యాక్టరీలోకంటె నెక్కువ. ముందు ఇన్వర్టరు నార్పుము. ఆర్పిన పిదప టెస్టరుతో చూడుము. ఆ టెస్టరు బ్రతికియున్నదో లేదో, చూచుటకు ముందును చూచిన పిదపను కరెంటున్న ప్లగ్గులో పరీక్షింపుము. చచ్చిన టెస్టరు చెప్పు అబద్ధమునకు మించిన యబద్ధము లేదు.

ఇన్వర్టరు నార్పిన తర్వాత బోర్డు లోపల చూడగా ఫేజును దీపమునకు పోవు తీగయు తప్ప వేఱొకటి లేదు. అవి రెండును ఎఱుపే. ఫేజునకు ఎఱుపు, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ యను మర్యాద యొకటి కలదు గాని, ఇల్లు కట్టిననాడు వైరింగు చేసినవానికడ ఎఱ్ఱ చుట్ట యొక్కటే మిగిలియుండెను కాబోలు. ప్రక్క బోర్డులో ప్లగ్గు ఉన్నది గనుక అచట న్యూట్రలు దొరకెను. ప్లగ్గుకొఱకు వచ్చిన ఆకుపచ్చ తీగ మాత్రము ఈ బోర్డు గుండనే పోవుచుండెను. అల్లుని చూపు దానిపై నిలిచెను.

అల్లుడు: టైమరునకు కావలసినది రవ్వంతయే గదా. గోడలో పైపు వెదకి తీగ లాగుటకంటె ఈ ఎర్తునే న్యూట్రలుగా వాడినచో? వీడియోలో ఒకడు వాడుట చూచితిని.

మామగారు: ఎర్తు తీగ ఖాళీగా నుండుటయే దాని యుద్యోగము, నాయనా. ఊరి కావలివానిని చేనిపనికి పిలిచినచో ఆ రాత్రి దొంగ వచ్చును. ఆ తీగ ఎచటనో తెగిననాడు, నీ టైమరు గుండ వచ్చిన ఫేజు పోవుటకు భూమి దొరకక, ఆ తీగకు తగిలియున్న ఫ్రిజ్జు తలుపును గీజరు డొక్కును చేరి, ముట్టినవానిని కొఱుకును. వీడియో తీసినవాని ఇంటిలో ఎర్తు తెగలేదు. అంతవఱకే వాని శాస్త్రము.

పైపులో గట్టి తీగ దూర్చి, దాని కొనకు నల్ల వైరు కట్టి, అటునుండి ఒకరును ఇటునుండి ఒకరును లాగుటకు ముప్పావుగంట పట్టినది. ఆ ముప్పావుగంటయు వాదము లేదు. ఇద్దఱకును ఊపిరి చాలలేదు.

తీగలు బిగించి కరెంటు వేయగా టైమరు తెర వెలిగెను, అంకెలు నడచెను, మీట నొక్కినప్పుడెల్ల లోపలి రిలే టక్కుమనెను. గేటు దీపము మాత్రము వెలుగలేదు. మామగారు హోల్డరు చూచిరి, బల్బు మార్చి చూచిరి, తీగ తెగినదేమోయని అనుమానించిరి. కండ్లజోడు లోపల మఱచి వచ్చినవారు గనుక పెట్టె ప్రక్కనున్న చిన్న బొమ్మను ఆయన చూడలేదు. చూచినవాడు తెలుగు పంతులు.

అల్లుడు: మామయ్యా, దీనికి నాలుగు గుంటలు. రెండు గడియారమునకు; తక్కిన రెండు ఒక విడి స్విచ్చునకు. ఈ బొమ్మలో వానికిని వీనికిని నడుమ గీత లేదు. మనము గడియారమునకు భోజనము పెట్టితిమి, స్విచ్చునకు పెట్టలేదు. ఫేజునుండి చిన్న లూపు వేసి మూడవ గుంటలో బెట్టిన దీపము వెలుగవలెను.

లూపు వేసిరి, వెలిగినది. మామగారు ఏమియు ననలేదు గాని, లోపలికి పోయి కండ్లజోడు తెచ్చుకొనిరి.

వేళలు నిర్ణయించుటను గూర్చి వ్రాయదగినది స్వల్పము. సాయంకాలము 6:50కి వెలుగవలెనని పెట్టగా అది మఱునాటి ఉదయము 6:50కి సిద్ధపడుచుండెను. పగలు రేయి అను భేదము తెరమూల చీమంత యక్షరములలో నుండుటయే కారణము, 24 గంటల పద్ధతికి మార్చి 18:50 అని పెట్టిన ఆ చిక్కు తొలగెను. మీట 'ఆన్‌'మీద నుండగా కార్యక్రమము నడువదనియు, 'ఆటో'మీదికి తెచ్చినను అప్పటికి వెలుగుచున్న దీపము తరువాతి ఆజ్ఞవఱకు ఆఱదనియు రెండుమాఱులు పొరపడి తెలిసికొంటిమి. కరెంటు పోయినను గడియారము నడచుటకు లోపల చిన్న బ్యాటరీ కలదు.

మామగారు: సరే, వెలిగినది. ఇప్పుడు 6:50 అంటివి. ఆషాఢమున మనకు ప్రొద్దుగ్రుంకునది ఆ వేళకే. కార్తికము వచ్చుసరికి 5:40కే చీకటి ముసరును. నీ పెట్టె ఆ గంటపైచిలుకు చీకటిలో, ఇంకను 6:50 కాలేదని కన్నులు మూసికొని కూర్చుండును. చీకటిని చూచి వెలుగు సెన్సరు దీనికంటె చవుకగా దొరకును. అది చూచును, ఇది లెక్కపెట్టును. నీకు లెక్కపెట్టునదే నచ్చినది.

అల్లుడు: ఋతువునకొకమాఱు అంకె మార్చుకొందుము. పంచాంగము చూచు నింట అది కష్టమా?

మామగారు: దీపము సంగతి పోనిమ్ము, తప్పినను చీకటియే గదా. మోటారు జోలికి మాత్రము రానీయను. ఆ పెట్టెమీద 16 ఆంపియర్లని చూచి మురిసితివి. ఆ యంకె ఇస్త్రీపెట్టెకును గీజరుకును చెప్పినది. మన మోటారు ఒక హార్సుపవరు, అనగా 746 వాట్లు. నడచునపుడు సాధువే, లేచునపుడు మాత్రము దానికి అయిదాఱింతలు త్రాగును. ప్రతిదినము ఆ పోటు తగిలి తగిలి, ఒకనాడు రిలేలోని రెండు నాలుకలు ఒకదాని కొకటి అతుకుకొనును. తెరమీద 'ఆఫ్' అని యుండును, మోటారు నడచుచునే యుండును. ముప్పదిరెండేండ్లలో అతుకుకొనిన నాలుకలు ఎన్నింటిని గీకితినో నాకే లెక్క లేదు.

అల్లుడు: అందుకు మందు మీరే చెప్పుదురు: నడుమ ఒక కాంటాక్టరు పెట్టుట. టైమరు కాంటాక్టరును పిలుచును, కాంటాక్టరు మోటారును లేపును.

మామగారు: పెట్టితిమనుకో. నాలుక అతుకుకొనుట తప్పినది. మఱి నీళ్లు? వేకువ 5 గంటలకు మొదలిడి 40 నిమిషములు నడువుమందువు. నీరు రాని దినమున సంపు అడుగంటి యుండును. అది 40 నిమిషములును గాలిని తోడును, పంపు సీలు కాలును. ట్యాంకు సగము నిండియున్న దినమున 20 నిమిషములకే పొంగును. తక్కిన 20 నిమిషములు వీధికి. నడుమ కరెంటు పోయి వచ్చిన దినమున ట్యాంకు సగమే నిండును, దానికి మాత్రము పని ముగిసినదని తృప్తి. నీ గడియారమునకు నీళ్లు తెలియునా?

అల్లుడు: పూర్వులకు తెలిసియే యుండెను గదా. గడియ యను మాటయే ఘటికనుండి వచ్చినది. ఘటిక యనగా చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటిమీద వదలుదురు. నీరు ఎగజిమ్మి అది మునుగుటకు పట్టు కాలమే గడియ, మన లెక్కకు 24 నిమిషములు. మునిగినంతనే కావలివాడు గంట కొట్టును. దినమునకు 60 గడియలు. నేడు మనము గోడకు తగిలించుకొను దానికి గడియారమని పేరు వచ్చుటయే దానివలన. కాలమును యంత్రమున కప్పగించుట ఇస్నాపూరులో నేను మొదలుపెట్టినది కాదు.

మామగారు: చూచితివా, నా సాక్ష్యమును నీవే పలికితివి! అచట నీరు కాలమును కొలిచినది. గిన్నె మునిగిన గడియ, మునుగనిచో గడియ లేదు. నీటికి తెలియక గంట మ్రోగదు. నీవు దానిని తలక్రిందులు చేసి కాలముచేత నీటిని కొలిపింపజూచుచున్నావు. గిన్నె మునిగినను మునుగకున్నను నీ గంట మ్రోగును.

ఈ మాట నాకును మిక్కిలి నచ్చినది. ఛందస్సు చెప్పువాని చేతిలోనుండి శబ్దార్థమును లాగికొనిన ఎలక్ట్రీషియనును అంతకు మునుపు నేను చూచి యుండలేదు. అల్లుడు కొంతసేపు ఊరకుండి, టీ గ్లాసు దింపి, వేఱు త్రోవ పట్టెను.

అల్లుడు: మామయ్యా, సదాశివపేటవైపు మీ అన్నగారి పొలములో ఆటోస్టార్టరు ఉండెను గదా. దానిని పెట్టినది ఎవరు?

మామగారు: నేనే. అది వేఱు. ఆనాడు పొలమునకు కరెంటు విడతలుగా వచ్చెడిది, ఒక విడత నడిరేయి. చీకటిలో పాములనడుమ గట్లవెంట పోయి తడిచేత స్టార్టరు నొక్కి, తిరిగి రానివారు ఎందఱో. కరెంటు వచ్చినంతనే తానే మోటారు లేపు పెట్టెను తగిలించితిమి. మనిషి మంచముమీదనే యుండెను. అది ప్రాణము నిలిపిన పెట్టె. కాని వినుము. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటలు కరెంటు ఇచ్చిరి. కరెంటు పోదు గనుక ఆ పెట్టె ఆపదు. పైరునకు తడి చాలినను, బోరు అడుగంటుచున్నను తోడుచునే యుండెను. అప్పుడు సర్కారువారే ఊరూర ఆటోస్టార్టర్లు తీసివేయుడని చెప్పవలసి వచ్చెను. మా అన్నది నేనే విప్పితిని. దానికి తెలిసినది కరెంటు వచ్చుట. పైరు దాహము దానికి తెలియదు. ఆ పెట్టెకు నీ పెట్టె తమ్ముడు.

అల్లుడు: అయినను మీరు చెప్పినదానిలో పెట్టె దోషమెక్కడ? అది మొదట చేసినపనినే కడవఱకు చేసినది. చుట్టునున్న ఏర్పాటు మాఱినది, విప్పవలసిన వేళను మనుషులు విప్పలేదు. విప్పుటకు మనిషి కావలెనందురా, ఒప్పుకొందును. దినదినము లేచి నొక్కుటకు మనిషియే కావలెనందురేని ఒప్పుకొనను.

మామగారు: దినదినము నొక్కుటలో ఒక విలువ కలదు. మునిమాపువేళ ఇంటిలో ఒకరు లేచి దీపము వేయుట యున్నది చూచితివా, అది వట్టి స్విచ్చు కాదు. మా అమ్మ దీపము వెలిగించి దానికి దండము పెట్టెడిది. ఆ లేచుట పోయినచో ఇంటికి సాయంకాలమే పోవును.

అల్లుడు: మామయ్యా, కోపగింపకుడు. ఆ ముప్పదిరెండేండ్లలో మీకు బి షిఫ్టు పడిన దినములెన్ని? మధ్యాహ్నము 2 నుండి రాత్రి 10. ఆ వారములలో ఇక్కడ సందెదీపము వేసినది ఎవరు? తెల్లవారుజామున ఏ షిఫ్టు బస్సునకో మీరు పోయిన పిమ్మట సంపు చూచి మోటారు వేసినది ఎవరు? ఆ నొక్కుటలోని విలువ మీరు చెప్పుచున్నారు, నొక్కినవారు లోపల పప్పు రుబ్బుచున్నారు.

మామగారు వంటింటివైపు చూచిరి. గ్రైండరు చప్పుడులో అత్తమ్మ ఈ మాట విన్నదో లేదో తెలియదు. కొంతసేపటికి ఆయన చిన్న గొంతుతో, "ట్యాంకులో ఫ్లోటు స్విచ్చు వేయుదము, నిండినంతనే ఆగును. సంపులో ఇంకొకటి, నీరు లేక మోటారు లేవదు. టైమరు వలదు," అనిరి. అల్లుడు అందుకు సమ్మతించెను. ఎవరును లేవనక్కఱలేకపోవుటయే ఆతడు కోరినది, లేపునది గడియారమైన నేమి, నీటిమీది బుడ్డి యైన నేమి. గేటు దీపము టైమరునకే మిగిలెను.

బోర్డు మూయునపుడు పాత స్విచ్చును తీసివేయక మామగారు దానిని టైమరునకు ప్రక్కదారిగా కలిపియుంచిరి. టైమరు చెడిననాడు పనికి వచ్చునని చెప్పిరి. అల్లుడు మాఱుపలుకలేదు, సంగారెడ్డి బస్సునకు వేళయైనది.

ఆ సాయంకాలము మబ్బు దట్టముగా పట్టి అయిదున్నరకే చీకటి ముసరెను. టైమరునకు ఇంకను గంటా యిరువది నిమిషములు కలవు. అత్తమ్మ వాకిటికి వచ్చి, "చీకటైంది, దీపం పెట్టద్దా? మీ గడియారం ఎప్పుడు లేస్తదో అని చూసుకుంట కూసుంటమా?" అని పాత స్విచ్చు వేసి లోపలికి పోయినది. 6:50కి టైమరు టక్కుమనెను. వెలుగుచున్న దీపమును వెలిగించెను.

మఱునాడు ఉదయము పది గంటలకు నేను మేడ దిగుచుండగా గేటు దీపము ఎండలో వెలుగుచుండెను. మామగారు బోర్డు ముందు నిలిచి, కండ్లజోడు సవరించుకొని, టైమరు తెరను చదువుచుండిరి. అందు 'ఆఫ్' అనియే యుండెను. వేకువ 5 గంటలకు అది తన పని తాను చేసినది. ఆయన ఒక్క నిమిషము ఆలోచించి, పాత స్విచ్చు ఆర్పి, నావైపు తిరిగి, "అల్లునికి చెప్పకుడు" అనిరి.